వెనక్కి తిరిగే వేళ

పెరూ దేశంలోని వాస్కరాన్ జాతీయ వనంలో ఒక్కరోజు కొండనడకకు వెళ్లాలని తల్లీకొడుకులు నిశ్చయించుకున్నప్పుడు, కొడుకు తయారుచేసిన ప్రణాళిక ఒక్క కాగితంలో ఇమిడిపోయింది. రాత్రి లీమాలో బస్సు ఎక్కడం, తెల్లవారేసరికి వారాస్ పట్టణం చేరడం, ఆ పగలంతా విశ్రాంతి, మరునాడు వేకువనే బయలుదేరి లగూనా 69 అనే సరస్సు చూసి రావడం, ఆ మర్నాడు తిరుగు ప్రయాణం. అమెరికాలో ఉద్యోగం చేసుకునే ముప్ఫై రెండేళ్ల యువకుడు అతడు. సెలవు దినాలను పొదుపుగా వాడుకోవడం అలవాటైన వాడు. ఆ కాగితంలో ఒక్క పూట కూడా ఖాళీ లేదు.

తల్లి గుంటూరు ప్రాంతంలో ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో చరిత్ర బోధించి పదవీ విరమణ చేశారు. వయసు 61. కొడుకు దగ్గరకు వచ్చినప్పుడు తీసుకున్న అమెరికా వీసా చెల్లుబాటులో ఉంటే భారతీయులకు పెరూ ప్రవేశానికి వేరే వీసా అక్కర్లేదని తెలిసి, ఇంకా జంకుతున్న కొడుకును ఈ ప్రయాణానికి ఒప్పించింది ఆమే. కాగితం రెండుసార్లు చదివి ఆమె ఒక్కటే అడిగారు.

"ఇందులో వెనక్కి రావడం ఎక్కడుంది?"

కొడుకు చివరి వరుస చూపించాడు. సాయంత్రం ఏడింటికి వారాస్.

"అది ఊరు చేరడం నాన్నా. దారి మధ్యలో వెనక్కి తిరగాల్సి వస్తే ఆ మాట ఎవరనాలి? ఎన్నింటికి అనాలి? అన్నప్పుడు మిగతావాళ్లు వినాలా, అక్కర్లేదా?"

ఉన్నదే ఇద్దరు. మిగతావాళ్లెవరని కొడుకు నవ్వాడు. ఆమె నవ్వలేదు.

ఆ ప్రశ్న వెనుక పన్నెండేళ్ల నాటి సంగతి ఒకటి ఉంది. 2013 జూన్‌లో ఆమె బావగారు, అంటే భర్త అన్నగారు, తోటికోడలితోనూ ఊరి వారితోనూ కలిసి కేదార్‌నాథ్ వెళ్లారు. విడవకుండా వాన పడుతున్న రాత్రి, పొద్దున్నే కిందికి దిగిపోదామని మొదట అన్నది ఆయనేనట. ఇంత దూరం వచ్చి మళ్లీ దర్శనం చేసుకోకుండా దిగిపోవడం ఏమిటని, అపశకునపు మాటలు మాట్లాడవద్దని తోటి యాత్రికులు అన్నారట. ఆయన ఊరుకున్నారు. 16, 17 తేదీల్లో వరద వచ్చింది. పైనున్న చోరాబారీ సరస్సు తెగి ఆలయం చుట్టూ ఉన్న బస్తీని ఊడ్చేసింది. తోటికోడలు తొమ్మిది రోజుల తర్వాత ఇల్లు చేరారు. బావగారు చేరలేదు. అదే సమయంలో డెహ్రాడూన్ విమానాశ్రయంలో తెలుగు బాధితులను ఎవరి విమానంలో ఎక్కించాలన్న విషయమై రెండు పార్టీల నాయకులు తోపులాటకు దిగిన దృశ్యాలను ఆ కుటుంబం టీవీలో చూసింది. ఆమె ఆనాటి నుంచి ఆ తోపులాట గురించి కోపంగా మాట్లాడడం మానేశారు. ఆమెకు గుర్తుండిపోయింది అంతకు ముందు రాత్రి జరిగిన సంభాషణ. ఒక మనిషి హెచ్చరించడం, పక్కవాళ్లు ఆయన నోరు మూయించడం, ఆయన మర్యాదగా ఊరుకోవడం.

అందువల్ల ప్రణాళిక మళ్లీ మొదటి నుంచి రాయవలసి వచ్చింది.

వాస్కరాన్ జాతీయ వనం పెరూ ఉత్తర భాగంలో, అంకాష్ ప్రాంతంలో ఉంది. 1975లో ఏర్పడింది. 1985లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. విస్తీర్ణం 3,40,000 హెక్టార్లు. ఉష్ణమండలంలో ఉండి కూడా ఏడాది పొడవునా మంచు కప్పుకునే కోర్డియేరా బ్లాంకా, అంటే తెల్ల పర్వతశ్రేణి, దాదాపు పూర్తిగా ఈ వనం పరిధిలోకే వస్తుంది. దేశంలోకెల్లా ఎత్తయిన వాస్కరాన్ శిఖరం 6,768 మీటర్లు. దానికి పడమటగా సాంతా నది లోయ, ఆ లోయకు ఆవలి ఒడ్డున మంచు లేని నల్ల పర్వతశ్రేణి. పటం పరిచి చూస్తుంటే శిఖరాల పేర్లలో చాలా వాటికి చివర 'రాజు' అని కనిపించి ఆమెకు ముచ్చట వేసింది. స్పానిష్ లిపిలో అలా రాసినా పలకడం 'రాహు' అనీ, స్థానిక కెచువా భాషలో మంచుకొండ అని దాని అర్థమనీ కొడుకు చెప్పాడు. రాజు అని రాసి రాహువు అని చదువుకోవడం మన దేశంలోనూ అలవాటయితే బాగుండునని ఆమె అన్నారు.

లగూనా 69 ఆ శ్రేణిలో చాక్రరాహు శిఖరం కింద ఉన్న నీలి సరస్సు. జాతీయ వనం ఏర్పడ్డాక పేరు లేని సరస్సులకు అంకెలు వేశారనీ, దీనికి 69 వచ్చిందనీ చెబుతారు. సరస్సు ఎత్తు సుమారు 4,600 మీటర్లు. నడక మొదలయ్యే సెబోయాపంపా సుమారు 3,900 మీటర్ల దగ్గర ఉంది. పోను ఏడు కిలోమీటర్లు, రాను ఏడు. ఎక్కవలసింది 700 మీటర్లు. అంకెలు ఇంతవరకే చూస్తే అలిపిరి మెట్లెక్కిన వారికెవరికైనా ఇది అసాధ్యమనిపించదు. చిక్కంతా ఆ నడక జరిగే ఎత్తులో ఉంది.

తూర్పు కనుమల్లో అతి ఎత్తయిన శిఖరాలే 1,700 మీటర్లకు అటూ ఇటూ. తెలుగు నేల మీద పుట్టి పెరిగిన వాళ్ల ఊపిరితిత్తులకు అంతకు మించిన పరిచయం ఉండదు. పైకి వెళ్లే కొద్దీ గాలిలో ప్రాణవాయువు శాతం తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. శాతం మారదు, ఎక్కడైనా 21 శాతమే. తగ్గేది గాలి పీడనం. 4,600 మీటర్ల దగ్గర అది సముద్రమట్టంలో ఉన్న దానిలో సుమారు 57 శాతం మాత్రమే. అంటే పీల్చే ప్రతి శ్వాసలోనూ శరీరానికి అందే ప్రాణవాయువు దాదాపు సగానికి పడిపోతుంది. శరీరం దీనికి అలవాటు పడగలదు. వేగంగా ఊపిరి తీసుకుంటుంది, మూత్రపిండాలు రక్తంలోని రసాయన సమతూకాన్ని సరిచేస్తాయి. అయితే దానికి రోజులు పడుతుంది, డబ్బు పెట్టి ఆ వ్యవధిని తగ్గించుకోలేము. సముద్రతీరాన ఉన్న లీమా నుంచి 3,050 మీటర్ల ఎత్తున ఉన్న వారాస్‌కు ఒక్క రాత్రిలో చేరి, మరునాడే 4,600 మీటర్లకు ఎక్కే ప్రణాళిక ఆ వ్యవధిని శరీరానికి ఇవ్వదు. తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం, ఒళ్లు తూలడం దాని ఫలితం. అక్కడి వాళ్లు దాన్ని సొరోచే అంటారు. ముదిరితే మెదడు వాస్తుంది, లేదా ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. ఆ రెండింటికీ మొట్టమొదటి చికిత్స కిందికి దిగడమే.

గుంటూరులో ఆమె రక్తపోటుకు మందులు రాసే వైద్యుడు రెండు సంగతులు స్పష్టంగా చెప్పారు. గుండె, ఊపిరితిత్తులు బాగున్నంత వరకు వయసు పైబడినంత మాత్రాన కొండజబ్బు ఎక్కువగా రాదు. అలాగే ఒంట్లో సత్తువ ఉన్నంత మాత్రాన రాకుండానూ పోదు. మారథాన్ పరిగెత్తేవాడు పడిపోవచ్చు, పక్కనున్న పెద్దావిడ నిక్షేపంగా ఉండవచ్చు. పరీక్షలు చేయించి, ఎసిటజోలమైడ్ మాత్రలు 125 మిల్లీగ్రాములవి రోజుకు రెండు చొప్పున, ఎక్కడానికి ముందు రోజు నుంచి వేసుకోమని రాశారు. సల్ఫా మందులు పడనివారు వైద్యుడికి చెప్పకుండా వాటి జోలికి పోకూడదని హెచ్చరించారు. కొడుకు తనకు అవసరం లేదన్నాడు. అతడు మారథాన్లు పరిగెత్తుతాడు.

రెండో ప్రణాళిక ఇలా తయారైంది. లీమా నుంచి పగటి బస్సు. ఎనిమిది గంటల ప్రయాణం, మధ్యలో 4,000 మీటర్లు దాటిన కనుమ ఒకటి ఎక్కి దిగడం. వారాస్‌లో ఒక రోజు పూర్తిగా విశ్రాంతి. మరునాడు పట్టణానికి దగ్గర్లో, నల్ల పర్వతశ్రేణిలో సుమారు 3,700 మీటర్ల ఎత్తున ఉన్న విల్కాకోచా అనే చిన్న సరస్సు దాకా నడిచి, రాత్రికి మళ్లీ వారాస్‌లోనే పడుకోవడం. పగలు పైకెక్కి రాత్రి కింద నిద్రపోవడం కొండలకు అలవాటుపడే పద్ధతి. ఆ తర్వాతి రోజు లగూనా 69. దాని వెనుక ఒక ఖాళీ రోజు. ఆ ఖాళీ రోజు దగ్గర కొడుకు అభ్యంతరం చెప్పాడు. ఏ పనీ లేని రోజుకు గది అద్దె ఎందుకన్నాడు. బడ్జెట్టులో ఆకస్మిక నిధి ఎందుకని అడిగేవాళ్లు తుపాను వచ్చినప్పుడు మళ్లీ కనిపించరని తల్లి జవాబిచ్చారు.

పర్యాటకుల బస్సులో వెళ్లకూడదన్నది కూడా ఆమె నిర్ణయమే. ఆ బస్సులు చౌక. కానీ దారిలో ఫలహారానికి, ఫొటోలకు ఆగుతూ నడక మొదలయ్యే చోటికి ఆలస్యంగా చేరుతాయి, మధ్యాహ్నం చెప్పిన వేళకు కదిలిపోతాయి. నెమ్మదిగా నడిచేవాళ్లు ఆ తొందరలో పరుగులు పెడతారు. ఆ ఎత్తులో ప్రమాదం పరుగులోనే ఉంది. కారు మాట్లాడుకుంటే ఖర్చు పెరుగుతుంది గాని, వేళ తమ చేతిలో ఉంటుంది. నాలుగింటికి బయలుదేరితే ఏడింటికి సెబోయాపంపా. మే నుంచి సెప్టెంబరు వరకు అక్కడ వానలు తక్కువ. అయినా మధ్యాహ్నం దాటాక మబ్బులు కమ్ముతాయి. పన్నెండు కొట్టేసరికి ఎక్కడున్నా, సరస్సు కనుచూపు మేరలో ఉన్నా సరే, వెనక్కి తిరగాలని కాగితం మీద రాశారు. ఒక్కొక్కరికి మూడు లీటర్ల నీళ్లు, పొరలు పొరలుగా దుస్తులు, వానకోటు, టోపీ, చలువ కళ్లద్దాలు, అరటిపళ్లు, రొట్టె. వనంలోకి ఒక రోజు ప్రవేశ రుసుము 30 సోళ్లు, నగదుగా. అక్కడ కోకా ఆకుల తేనీరు అందరూ తాగుతారు, చట్టం ఒప్పుకుంటుంది. అమెరికాకు మాత్రం సంచిలో ఒక్క ఆకు కూడా తీసుకుపోకూడదు.

2025 జూలైలో వాళ్లు వారాస్ చేరారు. మొదటి సాయంత్రం బస చేసిన చోట వంటగదిలో ఆమె అన్నం వండబోయారు. ఎంతసేపు ఉడికినా మెతుకు పలుకుగానే ఉంది. అంత ఎత్తులో నీళ్లు సుమారు 90 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. ఆ పలుకు మెతుకులే మజ్జిగ పోసుకుని తిన్నారు.

మూడో రోజు విల్కాకోచా దాకా నడిచారు. ఆమె నెమ్మదిగా, ప్రతి ఇరవై అడుగులకూ ఆగుతూ ఎక్కారు. కొడుకు ముందు నడిచి, పైనుంచి చెయ్యి ఊపి, ఫొటోలు తీశాడు. సరస్సు ఒడ్డు నుంచి ఎదురుగా తెల్ల పర్వతశ్రేణి మొత్తం కనిపించింది. ఆ రాత్రి అతడు భోజనం చేయలేదు. దారిలో తిన్న మొక్కజొన్న పడలేదన్నాడు. తెల్లవారితే ప్రయాణం. సంచి సర్దుతున్న తల్లికి అతడి జేబులో పారాసిటమాల్ పట్టీ దొరికింది. పది మాత్రల్లో ఆరు లేవు.

"ఎప్పటి నుంచి?"

"వచ్చిన రోజు రాత్రి నుంచి. మొదట తగ్గింది. ఇవాళ మళ్లీ వచ్చింది."

"ఎందుకు చెప్పలేదు?"

కొంతసేపటికి అతడు నిజం చెప్పాడు. "చెబితే రేపు ఆగిపోతుందని అమ్మా. నువ్వు ఇంత దూరం వచ్చావు."

ఇంత దూరం వచ్చి. ఆ మాట ఆమె అంతకు ముందు ఒకసారి విన్నారు. కొడుకును మందలించబోయి ఆగారు. ప్రణాళికలో ఎవరి శరీరాన్ని గమనించాలన్న దాని గురించి ఇద్దరూ ఒకే పొరపాటు చేశారు. అరవై దాటిన ఆమె మీదనే కళ్లన్నీ పెట్టారు. నియమాలన్నీ ఆమె కోసమే రాశారు. ముప్ఫై రెండేళ్ల వాడికి జబ్బు చేయవచ్చునన్నది ఆ కాగితం ఊహించలేదు. పైగా అందులో సెలవు, డబ్బు, తల్లి సరదా, వీటన్నిటి బరువూ తలనొప్పి ఉందని చెప్పేవాడి మీదనే పడేటట్టు ఉంది. అలాంటి చోట మనిషి ఎవరైనా మాత్ర మింగి ఊరుకుంటాడు.

కొండజబ్బు లక్షణాలు ఉన్నప్పుడు ఇంకా పైకి పోకూడదన్నది ఒక నియమం. వీలైతే కిందికి దిగమన్నది దాని కొనసాగింపు. ఖాళీ రోజు అలా ముందుకు జరిగింది. వారాస్ కంటే దాదాపు 500 మీటర్లు కిందున్న పట్టణం ఏదని చూస్తే, సాంతా నది వెంట ఉత్తరంగా యుంగై కనిపించింది. చరిత్ర అధ్యాపకురాలికి ఆ పేరు తెలుసు. కొడుకుకు తెలియదు.

ఇప్పటి యుంగై కొత్త ఊరు. పాత ఊరు దానికి కాస్త దక్షిణాన, మట్టి కింద ఉంది. 1970 మే 31 ఆదివారం మధ్యాహ్నం 3 గంటల 23 నిమిషాలకు పెరూ తీరానికి ఆవల 7.9 తీవ్రతతో భూకంపం వచ్చింది. మెక్సికోలో ప్రపంచ కప్ ఫుట్‌బాల్ పోటీలు మొదలైన రోజు అది. భూమి కంపించడంతో వాస్కరాన్ ఉత్తర శిఖరం నుంచి మంచు, రాయి కలిసిన ఒక పెద్ద గోడ ఊడిపడింది. లోయ వెంట బురదగా మారి, నిమిషాల వ్యవధిలో యుంగైని కప్పేసింది. ఆ భూకంపంలో మొత్తం మృతులు సుమారు 70,000 మంది. యుంగైలో బతికింది ఎత్తయిన దిబ్బ మీదున్న శ్మశానానికి పరుగెత్తిన కొద్దిమంది, ఊరి చివర సర్కస్ చూడడానికి వెళ్లిన కొన్ని వందల మంది పిల్లలు. చనిపోయిన వాళ్ల చోటు ఆ శ్మశానం. ఆ రోజు బతకడానికి అక్కడికి ఎక్కారు. ఇప్పుడు ఆ ప్రాంతమంతా స్మారక స్థలం. తవ్వకాలు నిషిద్ధం. గులాబీ తోటల మధ్య, ఒకప్పటి ఊరి కూడలిలో నిలిచిన తాటిజాతి చెట్ల మోడులు, నలిగిపోయిన బస్సు చట్రం ఒకటి కనిపిస్తాయి. దిబ్బ మీద చేతులు చాచిన క్రీస్తు విగ్రహం కొండకేసి చూస్తూ ఉంటుంది.

తల్లీకొడుకులు ఆ తోటలో చాలాసేపు కూర్చున్నారు. ఆమె మిగతా సగం కథ అక్కడే చెప్పారు. అంతకు ఎనిమిదేళ్ల ముందు, 1962 జనవరి 10న, అదే శిఖరం నుంచి పడిన హిమపాతం పక్కనే ఉన్న రన్‌రాహిర్కాను పూడ్చేసింది. సుమారు 4,000 మంది మరణించారు. ఆ ఏడాదే ఇద్దరు అమెరికన్ శాస్త్రవేత్తలు ఆ కొండను పరిశీలించి, పైన మంచు కింద రాతిగోడ బలహీనంగా ఉందని, అది పడితే యుంగై మిగలదని చెప్పారు. ఆ మాట పత్రికలో వచ్చింది. ప్రభుత్వం వారిని ఆ మాట వెనక్కి తీసుకోమంది, లేకపోతే జైలుకు పంపుతామంది. వాళ్లు దేశం విడిచి వెళ్లారు. ఊళ్లో ఆ సంగతి మాట్లాడవద్దన్నారు. భయం పుట్టించడం నేరమైంది. ఎనిమిదేళ్ల తర్వాత గోడ పడింది.

కొడుకు అడిగాడు, నియంతృత్వపు రోజులు కాబట్టి అలా జరిగి ఉంటుందా అని. మన దగ్గర ఎవరూ అంత పని చేయరు కదా అని.

మన దగ్గర అలా చేయరు. హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం శాస్త్రవేత్తలు ఉపగ్రహ చిత్రాలు పరిశీలించి, సిక్కింలోని సౌత్ లొనాక్ హిమసరస్సు తెగిపోయే సంభావ్యత 42 శాతమని 2013లోనే పరిశోధన పత్రం రాశారు. వాళ్లనెవరూ బెదిరించలేదు. పత్రం అచ్చయింది, భద్రంగా ఉంది. 2016లో కొన్ని గొట్టాలు వేసి కొంత నీరు తోడారు. 2023 అక్టోబరు 4 తెల్లవారకముందే ఆ సరస్సు తెగింది. దిగువన చుంగ్‌థాంగ్ దగ్గర 1,200 మెగావాట్ల తీస్తా-3 జలవిద్యుత్ ప్రాజెక్టు ఆనకట్టను ఊడ్చుకుపోయింది. 2025 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ నిపుణుల సంఘం ఆ ఆనకట్టను తిరిగి కట్టడానికి సిఫారసు చేసింది. హెచ్చరికను అణచివేయడానికి పోలీసులే అక్కర్లేదు. విన్నవాడు ఏమి చేయాలో ఎక్కడా రాసి లేకపోతే చాలు. కేదార్‌నాథ్ సత్రంలో ఆ రాత్రి ప్రభుత్వం లేదు, జైలు లేదు. మర్యాద ఒక్కటే ఉంది.

సాయంత్రం వారాస్‌కు తిరిగి వచ్చేటప్పుడు కారు నడిపే అతను తూర్పు కొండలవైపు చెయ్యి చూపి పల్కాకోచా అన్నాడు. వారాస్ పట్టణానికి పైన ఉన్న హిమసరస్సు అది. 1941 డిసెంబరు 13న తెగి, పట్టణంలో పెద్ద భాగాన్ని తుడిచిపెట్టింది. హిమానీనదం కరిగే కొద్దీ మళ్లీ నిండుతూ, 2009 నాటి కొలతలకు సుమారు 1.7 కోట్ల ఘనపు మీటర్లకు చేరింది. ఇప్పుడు దానికి గొట్టాలు వేసి నీరు తోడుతున్నారు. ఒడ్డున కాపలాదారులు రాత్రింబవళ్లు ఉండి, రేడియోలో కిందికి కబురు చెబుతుంటారు. సరస్సు పొంగితే మునిగే ఇళ్లలో ఒకటి సౌల్ లూసియానో లియూయా అనే రైతుది. పర్వత మార్గదర్శి కూడా. ఆయన 2015లో జర్మనీలో ఆర్‌డబ్ల్యూఈ అనే విద్యుత్ సంస్థ మీద దావా వేశాడు. ప్రపంచ కర్బన ఉద్గారాల్లో ఆ సంస్థ వాటా సుమారు అర శాతం కాబట్టి, వరద నివారణ ఖర్చులోనూ అంతే వాటా, అంటే సుమారు 17,000 యూరోలు, భరించాలన్నాడు. 2025 మే 28న హామ్ నగరంలోని పై కోర్టు దావాను కొట్టివేసింది. ఆయన ఇంటికి వచ్చే ముప్ఫై ఏళ్లలో ముప్పు జరిగే అవకాశం చాలా తక్కువని తేల్చింది. అయితే పెద్ద ఎత్తున ఉద్గారాలు వెదజల్లే సంస్థలు అలాంటి నష్టాలకు బాధ్యులు కావచ్చునని సూత్రప్రాయంగా అంగీకరించింది. ఒక రైతు పదేళ్లు కోర్టుల చుట్టూ తిరిగితే ఆ ఒక్క వాక్యం దక్కింది.

ఆ రాత్రి తల్లీకొడుకులు ప్రణాళిక మూడోసారి రాశారు. వేళలు, వస్తువులు మారలేదు. కొత్తగా నాలుగు వరుసలు చేరాయి.

మొదటిది, ఉదయం మాత్ర వేసుకోకుండా తలనొప్పి లేకపోతేనే బయలుదేరాలి. ఉంటే వెళ్లేది లేదు, సరస్సును ఇంకో ఏడాది చూడవచ్చు. రెండోది, దారిలో ప్రతి గంటకూ ఆగి, ఇద్దరూ ఒకరినొకరు అడగాలి. తల ఎలా ఉంది, వికారం ఉందా, సూటిగా ఒక గీత మీద నడవగలుగుతున్నావా అని. చిన్నవాడు పెద్దావిడను అడిగినట్టే పెద్దావిడ చిన్నవాణ్ణీ అడగాలి. మూడోది, తిరిగిపోదామని ఇద్దరిలో ఎవరన్నా అదే ఆఖరి మాట. ఎందుకని రెండోవారు అడగకూడదు, సర్ది చెప్పకూడదు. నాలుగో వరుస తల్లి స్వయంగా రాశారు. ఆ మాట అన్నవారిని ఇంటికి వెళ్లాక కూడా, ఎన్నేళ్ల తర్వాత కూడా, హాస్యానికైనా ఎత్తిపొడవకూడదు.

"చివరిది ఎందుకమ్మా?" అని కొడుకు అడిగాడు.

"మీ పెదనాన్న ఆ రాత్రి గట్టిగా ఎందుకు అడగలేదో తెలుసా? దిగిపోయాక వాన ఆగిపోతే ఊరంతా జీవితాంతం నవ్వుతుందని. మీ పెద్దమ్మ చెప్పింది."

కొడుకు కాగితం తీసుకుని కింద సంతకం చేశాడు. ఆమె కూడా చేశారు. పదవీ విరమణ తర్వాత ఆమె ఒక కాగితం మీద ఇంత శ్రద్ధగా సంతకం పెట్టడం అదే మొదటిసారి.

మూడున్నరకు అలారం మోగింది. వీధి దీపాల వెలుగులో కారు వచ్చి ఆగి ఉంది. ఆమె రక్తపోటు మాత్ర వేసుకుని, చెవుల మీదికి ఉన్ని టోపీ లాక్కుని, మంచం అంచున కూర్చున్న కొడుకును అడిగారు.

"తల ఎలా ఉంది?"

అతడు వెంటనే జవాబు చెప్పలేదు. కళ్లు మూసుకుని, తల అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"నొప్పి లేదు. నిద్ర మాత్రం రెండుసార్లు తెలివి వచ్చింది."

ఆమె కళ్లజోడు పెట్టుకుని, కాగితం తీసి, తేదీ వేసి ఆ రెండు మాటలూ రాసుకున్నారు. కింద తన సంగతి కూడా రాశారు. కాళ్లు కాస్త చల్లగా ఉన్నాయి, తక్కినదంతా బాగానే ఉంది. కాగితం మడిచి కొడుకు జేబులో పెట్టి, నీళ్ల సీసాలు తీసుకుని మెట్లు దిగారు.